ఆధారము చూపుట: ఖమ్మం టీకా వ్రాతలపై ఒక విమర్శ

వైద్య పత్రికలలో ప్రతి వ్యాసము చివర చిన్న అక్షరములతో ఒక పట్టిక అచ్చువేయబడి యుండును. పేర్లు, సంవత్సరములు, సంపుటముల అంకెలు, పుటల అంకెలు వరుసగా పేర్చిన ఆ భాగమును చదువువారు తక్కువ. పరీక్షకు చదువుకొను విద్యార్థి దానిని దాటిపోవును. వ్రాయువారిలో కూడ పలువురు దానిని చివరి రోజున గబగబ కూర్చి పంపివేయుదురు. దీనిని ఆధార సూచిక అని పిలువవచ్చును.

పొలము అమ్మిన దస్తావేజులో నాలుగు హద్దులు ఎందుకు వ్రాయుదురో పల్లెటూరి రైతునకు చెప్పనక్కరలేదు. హద్దు తప్పినచో పక్కవాని చేను వచ్చి పడును. లేదా కొన్న చేనే కనబడకపోవును. ఆధార సూచికలోని అంకెలు చేయు పని సరిగా ఇదియే. 'ఈ మాట నేను చెప్పుట కాదు, ఫలానివారు ఫలాని చోట పరిశోధించి చెప్పినారు, పోయి చూచుకొనుడు' అని రచయిత పాఠకునికి ఇచ్చిన హద్దులవి. పాఠకుడు వాటిని పట్టుకొని పోయినప్పుడు ఆ చోట ఆ మాట ఉండవలెను.

ఈ పట్టికను కూర్చుటకు ముఖ్యముగా రెండు పద్ధతులు వాడుకలో నున్నవి. మొదటిది, వాక్యములోనే రచయిత పేరును, సంవత్సరమును కుండలీకరణములలో వ్రాసి, చివర పేర్లను అక్షరక్రమములో పేర్చుట. దీనికి హార్వర్డు పద్ధతి అని పేరు. 1881లో అచ్చైన ఒక జంతుశాస్త్ర వ్యాసములో హార్వర్డు ఆచార్యుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ దీనిని వాడెను. ఆ వ్యాసము ఒక జాతి నత్తను గూర్చినది! రెండవది, వాక్యము చివర అంకె వేసి, ఆ అంకెల వరుసలోనే పట్టిక నిచ్చుట. 1978 జనవరిలో కొందరు వైద్య పత్రికా సంపాదకులు కెనడాలోని వాంకూవర్ నగరములో సమావేశమై, వ్రాతప్రతులకు ఒక ఉమ్మడి రూపము నిర్ణయించుకొనిరి. 1979లో అది ప్రకటితమయ్యెను. నేడు వైద్య పత్రికలలో అధిక భాగము అనుసరించు వాంకూవర్ పద్ధతి ఇదియే.

ఉదాహరణకు తెలుగువారు గర్వింపదగిన ఒక సూచనను ఈ పద్ధతిలో చూతము: 'ఫిస్కే సి.హెచ్., సుబ్బారావు వై. భాస్వరమును వర్ణమానముచే నిర్ణయించుట. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ. 1925, 66: 375-400.' సంవత్సరము తరువాతి అంకె సంపుటము, ఆ తరువాతివి పుటలు. రక్తములోను మూత్రములోను ఉన్న భాస్వరమును రంగు గాఢతను బట్టి కొలుచు ఈ విధానము ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి కెక్కెను. ఇందులో 'వై.' అను ఒక్క అక్షరముగా మిగిలిన మాట ఏది? యల్లాప్రగడ. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇంటిపేరది. పాశ్చాత్యులకు ఇంటిపేరు చివర వచ్చును. తెలుగువారికి ముందు వచ్చును. వారి లెక్క ప్రకారము చివరి మాటను ఇంటిపేరుగా పెట్టి, అసలు ఇంటిపేరును పొడి అక్షరము చేసినారు. రావు, రెడ్డి అని ముగియు తెలుగు రచయితలు వందల కొలది ఆ సూచికలలో ఒకే పేరు క్రింద కుప్పపడి యున్నారు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము వారి సూచికలో ఒక్కొక్కరికి రెండు పొడి అక్షరములకు మించి ఇవ్వరు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థనుండి 1973లో ఫ్లోరైడు బాధిత ప్రాంతములోని ఎముకల వ్యాధిని గూర్చి లాన్సెట్ పత్రికలో వ్రాసిన కె.ఏ.వి.ఆర్. కృష్ణమాచారిగారు ఆ సూచికలో కె.ఏ. కృష్ణమాచారి మాత్రమే. 2012నుండి పరిశోధకులకు వ్యక్తిగత సంఖ్యలు ఇచ్చు ఓర్కిడ్ అను ఏర్పాటు వచ్చుటవలన ఈ చిక్కు కొంత తీరినది గాని, పాత వ్యాసములకు అది ఉపకరింపదు.

రూపములోని చిక్కులు ఇట్టివి. అంతకంటె పెద్దది వేరొకటి కలదు. 1984 జనవరిలో వెలువడిన ఆరు వైద్య పత్రికలను తీసుకొని, అందలి సూచనలను మూలములతో పోల్చి చూచిన ఒక పరిశీలన 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో అచ్చయ్యెను. పేరు, సంవత్సరము, పుట వంటి వాటిలో నూటికి 24 సూచనలందు తప్పులున్నవి. నూటికి 8 సూచనలలోని తప్పులు మూలమును వెంటనే గుర్తుపట్టనీయనంత పెద్దవి. అదియు అట్లుండనిండు. నూటికి 15 సూచనలలో మూలరచయిత చెప్పినదొకటి, ఆయన చెప్పినట్లు వ్రాసినది మరొకటి! అర్ధవిరామము తప్పినదని వ్రాతప్రతిని త్రిప్పి పంపు సంపాదకులు, ఆ పుటలో ఆ మాట ఉన్నదా యని చూడకుండుట శాస్త్ర పత్రికల పాత జబ్బు.

ఈ జబ్బు వలన మనుష్యులకు కలుగు నష్టము ఎట్టిదో తెలియుటకు దూరదేశములకు పోనక్కరలేదు. ఖమ్మం జిల్లాలో జరిగిన ఒక టీకా కార్యక్రమమును గూర్చిన వ్రాతలను చూచిన చాలును.

గర్భాశయ ముఖద్వార క్యాన్సరునకు హ్యూమన్ పాపిలోమా వైరసు కారణము. దానిని కనుగొన్నందుకు హెరాల్డ్ జుర్ హౌసెన్ 2008లో నోబెల్ బహుమానము పొందెను. ఈ వైరసును నిరోధించు టీకాను దేశములో ఎట్లు ఇయ్యవచ్చునో చూచుటకై, అమెరికాకు చెందిన పాత్ అను సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వములు కలిసి 2009లో ఒక కార్యక్రమమును ఆరంభించెను. గుజరాతులో వడోదర జిల్లా, నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం జిల్లా ఎన్నుకొనబడెను. ఖమ్మంలో భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి గార్డసిల్ అను టీకాను మూడు మోతాదులుగా ఇచ్చుట సంకల్పము. అందు పలువురు ఆశ్రమ పాఠశాలలలో, వసతి గృహములలో నుండి చదువుకొను గిరిజన బాలికలు. కొందరు బాలికలు మరణించిరన్న వార్తలు వచ్చుటతోను, మహిళా ఆరోగ్య సంఘములు అభ్యంతరము తెలుపుటతోను, 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము కార్యక్రమమును నిలిపివేసెను. 2011లో ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము నివేదిక వచ్చెను. 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘము తన 72వ నివేదికను సమర్పించెను.

అది మొదలు ఈ సంగతి ఎన్నో వ్యాసములలో, పుస్తకములలో, ఉపన్యాసములలో ప్రస్తావింపబడుచున్నది. ఎట్లు ప్రస్తావింపబడుచున్నది అనునదే ఇచ్చటి ప్రశ్న.

మొదట మరణముల సంఖ్య. ఒకచోట నాలుగు, ఒకచోట ఆరు, మరొకచోట ఏడు అని చదివిన విద్యార్థి, వీరిలో ఎవరో అబద్ధమాడుచున్నారని తలచును. నిజమునకు ఎవరును ఆడుటలేదు. 2010 వసంతకాలపు వ్రాతలలో ఆంధ్రప్రదేశ్ మరణములు నాలుగు. గుజరాతులోని రెండు కలిపిన ఆరు. తరువాత ఆంధ్రప్రదేశ్ లెక్క ఐదు కాగా మొత్తము ఏడు. ఏ తేదీ పత్రము నుండి ఏ రాష్ట్రపు లెక్కను తీసుకొనినది చెప్పినచో చిక్కు లేదు. సూచనలో సంవత్సరమును, నెలను వ్రాయుడని పద్ధతులు పట్టుపట్టుటకు కారణమిదియే.

తరువాత మరణముల కారణములు. ఒక బాలిక రాతి క్వారీ నీటిలో మునిగిపోయినదనియు, ఒకతెను పాము కరచినదనియు, ఇద్దరు పురుగుమందు త్రాగిరనియు, ఒకతె మలేరియా ముదిరి మరణించినదనియు నమోదైనది. మిగిలిన రెండింటి కారణములు అంత నిశ్చయముగా తేలలేదు. ఒకటి జ్వరమనియు, రెండవది మెదడులో రక్తస్రావము కావచ్చుననియు అనుకొనిరి. ఈ మరణములకు టీకాతో సంబంధము చాలవరకు లేదని 2011 విచారణ సంఘము అభిప్రాయపడెను. లోతైన విచారణ లేకయే సంబంధము లేదని కొట్టివేసినారని 2013లో పార్లమెంటు సంఘము ఆక్షేపించెను. ఈ రెండును వేర్వేరు మాటలు. మొదటిది కారణమును గూర్చిన అభిప్రాయము; రెండవది ఆ అభిప్రాయమునకు వచ్చిన తీరును గూర్చిన ఆక్షేపణ.

ఇప్పుడు 'టీకా వలన ఏడుగురు బాలికలు మరణించిరి' అని వ్రాసి, ప్రక్కన పార్లమెంటు నివేదిక అంకెను వేసినచో అది చెల్లదు. ఆ నివేదిక అట్లు చెప్పలేదు. 'టీకాకు సంబంధము లేదని రుజువైనది' అని వ్రాసి 2011 నివేదిక అంకెను వేసినను చెల్లదు. 'చాలవరకు' అన్న మాటను మ్రింగి 'రుజువైనది' అని కక్కుట అది. రెండు పక్షముల వ్రాతలలోను అంకె ఉండును, పట్టిక ఉండును, అర్ధవిరామములు సక్రమముగానే ఉండును. పత్రమును తెరచి చూచినవారికే లోపము తెలియును. కంటికి చెవికి బెత్తెడు దూరమన్న సామెత వ్రాతలకును వర్తించును.

ఆధార సూచికలోని అన్యాయము కొంత ఆ పద్ధతి నిర్మాణములోనే యున్నది. వాంకూవర్ పద్ధతి వైద్య పత్రికలలోని వ్యాసముల కొరకు పుట్టినది. పత్రిక, సంపుటము, పుటలు ఉన్న వ్రాత దానిలో చక్కగా ఇముడును. ఖమ్మం సంగతికి ముఖ్యమైన పత్రములన్నియు వేరొక జాతివి: ప్రభుత్వ విచారణ నివేదిక, పార్లమెంటు నివేదిక, సమ అను ఢిల్లీ మహిళా ఆరోగ్య సంస్థవారు 2010లో భద్రాచలము వెళ్ళి వచ్చి ప్రకటించిన నిజనిర్ధారణ. వీటికి సంపుటము లేదు, రచయిత పేరు చోట ఒక సంఘము పేరుండును. పద్ధతి ఇందుకు త్రోవ చూపకపోలేదు: సంఘమునే రచయితగా పెట్టి, శీర్షిక, 72వ నివేదిక అన్న సంఖ్య, న్యూఢిల్లీ, రాజ్యసభ సచివాలయము, 2013 ఆగస్టు అని వ్రాయవచ్చును. కాని అంత శ్రమపడక, 'పార్లమెంటు నివేదిక, 2013' అని తేల్చివేయువారే ఎక్కువ. పార్లమెంటులో ఒక సంవత్సరములో నివేదికలెన్ని!

2010 నవంబరులో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ టీకా శాస్త్ర విషయమును, నైతిక విషయమును చర్చించిన వ్యాసమొకటి వచ్చెను. రచయితలు ఐదుగురు: ఎన్.బి. సరోజిని, సంధ్యా శ్రీనివాసన్, వై. మాధవి, ఎస్. శ్రీనివాసన్, అంజలి షెనాయ్. దీనిని వాంకూవర్ పద్ధతిలో వ్రాయుడు: సరోజిని ఎన్.బి., శ్రీనివాసన్ ఎస్., మాధవి వై., శ్రీనివాసన్ ఎస్., షెనాయ్ ఎ. ఒకే పేరు రెండుమార్లు వచ్చినదని తలచి శ్రద్ధ గల విద్యార్థి ఒకదానిని కొట్టివేయును. అతని తప్పు కాదు. పైగా ఆ వారపత్రిక వైద్య పత్రిక కానందున వైద్య సూచికలలో వెదకినవారికి ఈ వ్యాసము దొరకదు. భద్రాచలము అడవికి దగ్గరగా పోయి వ్రాసినది సూచికకు దూరమయ్యెను. దూరముననుండి వ్రాసినది సూచికలో మొదట నిలిచెను. సంగతి తెలిసినవారిని పద్ధతి కావలెనని దాచలేదు గాని, దాచినంత పని చేసినది.

అంగీకార పత్రముల సంగతి ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు మరింత ముఖ్యము. పార్లమెంటు నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి 9,543 అంగీకార పత్రముల లెక్క ఉన్నది. వాటిలో 1,948 పత్రములపై వేలిముద్రలు, 2,763 పత్రములపై వసతి గృహముల వార్డెన్ల సంతకములు. తల్లిదండ్రుల బదులు ప్రధానోపాధ్యాయులును వార్డెన్లును సంతకము చేయవలెనని పైనుండి ఆదేశము వచ్చినట్లు కూడ అందులో నున్నది. ఈ అంకెలను ఎత్తి వ్రాయువారు తరచు చివరి మాటను విడిచిపెట్టుదురు. అప్పుడు పాఠకునికి తోచునది వార్డెన్ల దురుద్దేశము. ఆ మాటను కలిపి చదివినచో తోచునది వేరు: ఆశ్రమ పాఠశాలలోని ఒక చిరుద్యోగి, తనకు వచ్చిన కాగితమును పాటించెను. బాధ్యత ఎవరిదన్న ప్రశ్నయే మారిపోవుచున్నది. వేలిముద్రలున్న పత్రములను దొంగ పత్రములుగా లెక్కించుట ఇంకొక పొరపాటు. చదువు రాని తల్లి వేలిముద్ర వేయుట నేరము కాదు. వేయుటకు ముందు ఆమెకు కోయభాషలోనో, తెలుగులోనో ఏమి చెప్పిరన్నదే అడుగవలసినది. మరియు 14,000 నుండి 9,543 తీసివేసి, మిగిలినవారికి పత్రములే లేవని నిర్ణయించుట కూడ తగదు. మొదటిది సంకల్పించిన బాలికల సంఖ్య, రెండవది లెక్కకు వచ్చిన పత్రముల సంఖ్య. వేర్వేరు వస్తువులను తీసివేత చేయరాదని ఆరవ తరగతిలోనే చెప్పుదురు.

ఇంకొక గందరగోళము కలదు; ఇది ప్రపంచమంతటికి సంబంధించినది. అదే కాలములో, అనగా 2009 సెప్టెంబరులో, అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థవారు భారతదేశములో వేరొక పరిశోధన మొదలుపెట్టిరి. ఇదే టీకా రెండు మోతాదులు చాలునా, మూడు కావలెనా యన్నది వారి ప్రశ్న. 10 మొదలు 18 ఏండ్ల అవివాహిత బాలికలు అందు చేరిరి. ఖమ్మం, వడోదర కార్యక్రమముపై వచ్చిన నిలుపుదల ఆజ్ఞ దీనిపై కూడ పడెను. అప్పటికి 17,729 మంది టీకా పొందియుండిరి. వారిలో 4,950 మందికి ఒక్క మోతాదే పడియుండెను. ఎవరును సంకల్పింపని ఈ ఒక్క మోతాదు జట్టును పరిశోధకులు విడువక ఏండ్ల తరబడి పరీక్షించిరి. ఒక్క మోతాదు కూడ మంచి రక్షణ నిచ్చుచున్నదని 2016లోను, 2021లోను లాన్సెట్ ఆంకాలజీలో ప్రకటించిరి. ఒక్క మోతాదును కూడ ఎన్నుకొనవచ్చునని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుటకు తోడ్పడిన ఆధారములలో ఇది యొకటి.

ఈ రెండు పరిశోధనలను ఒకటిగా కలిపివేసి, ఖమ్మం బాలికలవలననే ఒక్క మోతాదు సంగతి తెలిసినదని వ్రాయువారు లేకపోలేదు. అది తప్పు. ఖమ్మం కార్యక్రమము దానిని ఆపినది. ఖమ్మం బాలికలు దాని లెక్కలో లేరు. అసలు ఖమ్మంలో జరిగినదాని పేరే వివాదగ్రస్తము. పాత్ సంస్థ దానిని టీకా అనుమతి పొందిన తరువాతి ప్రదర్శక కార్యక్రమమన్నది. పార్లమెంటు సంఘము మనుష్యులపై జరిపిన క్లినికల్ ట్రయల్ గానే ఎంచినది. వ్యాసము వ్రాయువాడు ఈ రెండు పేర్లలో ఒకదానిని ఎన్నుకొనుటతోనే ఒక పక్షమున చేరుచున్నాడు. ఎవరు ఏ పేరు పెట్టిరో సూచనతో చెప్పుట న్యాయము.

మూలమును చూడక ఒకరిని చూచి ఒకరు అంకె వేయుట ఎంతవరకు పోగలదో అమెరికాలో తేలినది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్టర్, జిక్ అను ఇరువురు ఒక్క పేరా ఉత్తరము వ్రాసిరి. ఆసుపత్రిలో చేరి నల్లమందు జాతి మందులు పొందిన 11,882 మందిలో నలుగురికి మాత్రమే వ్యసనము కనబడినదని దాని సారాంశము. 2017లో ఆ పత్రికలోనే అచ్చైన ఒక పరిశీలనలో ఆ ఉత్తరమును ఎందరు ఉల్లేఖించిరో లెక్కింపగా 608 వ్రాతలు తేలెను. అందులో నూటికి 72 వ్రాతలు వ్యసనము అరుదనుటకు దానిని సాక్ష్యముగా పెట్టినవి. నూటికి 80కి పైగా వ్రాతలు ఆ రోగులు ఆసుపత్రిలో చేరినవారను మాటనే విడిచినవి. ఇంటివద్ద నెలల తరబడి మ్రింగువారికి ఆ లెక్క చెల్లదు. ఆ దేశములో ఆ మందుల వ్యసనము తెచ్చిన నాశనము అందరికి తెలిసినదే.

ఇటీవల దీనికి యంత్రము కూడ తోడయ్యెను. చాట్ జీపీటీ చేత వ్రాయించిన వైద్య వ్యాసములలోని 115 సూచనలను పరీక్షించి 2023లో ప్రకటించిన ఒక పరిశీలనలో, నూటికి 47 సూచనలు అసలు లేని వ్యాసములవి; నిజమైనవియు, తప్పు లేనివియు నూటికి 7 మాత్రమే. రూపము మాత్రము నిర్దుష్టము! పత్రిక పేరు, సంపుటము, పుటలు చక్కగా అమరియుండును. ఖమ్మం టీకాను గూర్చి యంత్రము నడిగి వ్యాసము తయారు చేసుకొను విద్యార్థి, ప్రతి సూచనను పత్రిక పేరుతో, సంవత్సరముతో వెదకి చూచుట మంచిది.

అట్లు వెదకువారికి ఊళ్ళ పేర్లు కూడ ఒక చిక్కు తెచ్చిపెట్టును. భద్రాచలము 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది. ఆ యేడు ఖమ్మం జిల్లాలో చేరెను. పాపికొండల ప్రాంతపు కొండరెడ్లను గూర్చి హైమెన్‌డార్ఫ్ వ్రాసిన గ్రంథము 1945 నాటిది. దానిని ఖమ్మం అని వెదకిన ప్రయోజనము లేదు. గ్రంథకర్త పేరే కొన్ని పట్టికలలో ఫ్యూరర్ అని, కొన్నింటిలో హైమెన్‌డార్ఫ్ అని ఉండును. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు భద్రాచలము పట్టణము తెలంగాణలో నిలిచి, దాని చుట్టుప్రక్కల మండలములు ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయెను. 2016లో భద్రాచలము, కొత్తగూడెము భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరగా, తిరుమలాయపాలెము ఖమ్మంలోనే యున్నది. కనుక 2009 నాటి టీకా కార్యక్రమపు మూడు మండలములు నేడు రెండు జిల్లాలలో నున్నవి. సూచనలో మాత్రము మూలములో నున్నట్లు 'ఖమ్మం, ఆంధ్రప్రదేశ్' అనియే వ్రాయవలెను. నేటి జిల్లా పేరు వ్యాసములోని వాక్యమునకు చెందును, పట్టికకు కాదు.